నడిమధ్యన ఎవరి పేరు?

ఈ నెల మన శీర్షికలో ఒక కంప్యూటర్ సంగతి చెప్పబోతున్నాను. "పాస్టరుగారికి కంప్యూటరుతో ఏమి పని?" అని పేజీ తిప్పివేయకండి. నిజానికి ఇది మరపును గురించిన మాట, ఇచ్చిన మాట నిలుపుకొనుటను గురించిన మాట.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. నా పరిచర్య ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు వైపులా ఉంటుంది. ఒకచోట ఆరాధన, మరొకచోట గృహకూడిక, ఇంకొకచోట పెండ్లి. ఎవరు ఏమి చెప్పినా చేతికి దొరికిన చీటీ మీద రాసుకునే అలవాటు నాది. కొన్ని చీటీలు బైబిలులో, కొన్ని చొక్కా జేబులో, కొన్ని బండి డిక్కీలో. ఫోను నంబర్లు పాత డైరీలో. "అంతా రాసుకున్నాను గదా" అని నాకు ధైర్యము.

పులివెందుల దగ్గరి పల్లెలో మన సంఘపు విధవరాలు ఒక అవ్వ ఉన్నది. రెండు కండ్లకూ శుక్లాలు. ఆపరేషన్‌కు ఆసుపత్రిలో తేదీ ఇచ్చారు. తోడు పోవడానికి ఎవరూ లేరు. "బుధవారము ఎనిమిదింటికి బస్టాండులో ఉండవ్వా, నేను వచ్చి తీసుకొని పోతాను" అని మాట ఇచ్చాను. ఆ బుధవారము నేను ప్రొద్దుటూరులో ప్రహరీగోడ కమిటీలో కూర్చొని ఇటుకల లెక్క చూస్తున్నాను. చీటీ బైబిలులోనే ఉన్నది. ఆసుపత్రి కాగితము డిక్కీలో ఉన్నది. అన్నీ రాసే ఉన్నాయి, ఒక్కటీ గుర్తు రాలేదు.

శుక్రవారము జ్ఞాపకము వచ్చి పరుగెత్తుకొని పోయాను. అవ్వ కోపగించలేదు. "మధ్యాహ్నం దాకా ఆడ్నే కూచ్చోనుంటి అయ్యగారూ. బస్సు వచ్చినప్పుడల్లా మీరేనేమో అని లేస్తాంటి. మీకు పనులెక్కువ గదా, నేను గుర్తు లేకపోతి, అంతే" అన్నది. తరువాతి తేదీ రెండు నెలలకు దొరికింది. ఆ రెండు నెలలలో ఒక రాత్రి గడప కనబడక తట్టుకొని పడి అవ్వ మణికట్టు విరిగింది. ఆ కట్టు చూసినప్పుడల్లా నాకు ఆదికాండము నలభైయవ అధ్యాయము జ్ఞాపకము వచ్చేది. ఫరో పానదాయకుల అధిపతి చెరసాల నుండి బయటికి వచ్చి యోసేపును మరచిపోయాడు. అతనికి యోసేపు మీద పగ లేదు. మరచిపోయాడు, అంతే. దానికి యోసేపు ఇంకా రెండేండ్లు చెరసాలలో ఉండవలసి వచ్చింది. మన మరపుకు మూల్యము చెల్లించేది ఎప్పుడూ అవతలివాడే.

ఈ సంగతి విన్న మన యౌవనస్థుడొకడు, ప్రొద్దుటూరులో కంప్యూటర్ పని చేసేవాడు, "అయ్యగారూ, మీ చీటీలన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి" అన్నాడు. తీసుకొని పోయాను. తన ల్యాప్‌టాప్ తెరచి ఫ్రీప్లేన్ అనే ప్రోగ్రాము చూపించాడు. డబ్బు కట్టనక్కరలేదు, ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది, తెలుగులో రాసుకోవచ్చు. ఇట్టివి ఫ్రీమైండ్ అని, ఎక్స్‌మైండ్ అని ఇంకా ఉన్నాయి. వీటితో గీసే పటాన్ని మైండ్ మ్యాప్ అంటారు. ఇంగ్లాండు దేశస్థుడు టోనీ బుజాన్ 1974లో బీబీసీ టెలివిజన్‌లో చెప్పిన పాఠాల ద్వారా ఈ పేరు లోకమంతా తెలిసింది. ఆయన కాగితము మీద రంగు పెన్నులతో గీయమన్నాడు. కంప్యూటరు ప్రోగ్రాములు తరువాత వచ్చాయి.

పద్ధతి సులభము. తెర నడుమ ఒక మాట రాస్తాము. అది చెట్టు మొదలు. ట్యాబ్ మీట నొక్కితే దానికి ఒక కొమ్మ పుడుతుంది. ఎంటర్ నొక్కితే ఆ కొమ్మకు తోడుగా ఇంకొక కొమ్మ. కొమ్మకు రెమ్మ, రెమ్మకు ఆకు. అక్కరలేనప్పుడు ఒక కొమ్మను ముడిచిపెట్టవచ్చు, కావలసినప్పుడు విప్పవచ్చు. ఒక కొమ్మను పట్టుకొని లాగి ఇంకొక కొమ్మకు అంటించవచ్చు. ఫోటో తీసిన కాగితాన్ని ఆకుకు తగిలించవచ్చు. పేరు టైపు చేసి వెదికితే ఎక్కడున్నదో చూపిస్తుంది. డైరీలో ఒకసారి రాసినది ఆ పేజీలోనే ఉండిపోతుంది. ఇక్కడ దాన్ని ఎత్తి సరైన చోట పెట్టవచ్చు. అదే దీని మేలు.

రెండు రాత్రులు కూర్చొని నా సంచిలోని చీటీలన్నీ ఎక్కించాను. నడుమ "నా పరిచర్య" అని రాశాను. కొమ్మలు: ఆరాధనలు, కమిటీలు, కట్టడము, లెక్కలు, ప్రయాణాలు, సందర్శనలు, ఇతరములు. రంగులు వేశాను. చూడముచ్చటగా ఉన్నది. నా భార్యను పిలిచి చూపించాను. ఆమె కాసేపు చూసి, "బాగుందండీ, ఇందులో అవ్వ ఎక్కడ ఉంది?" అని అడిగింది.

వెదికాను. అవ్వ మూడు చోట్ల ఉన్నది. సందర్శనలలో ఒక పేరుగా, ప్రయాణాలలో ఒక తేదీగా, లెక్కలలో మందుల ఖర్చుగా. మూడు ముక్కలు, ఒక మనిషి లేదు. "మరి మన ఇల్లు?" అని అడిగింది. మన ఇల్లు "ఇతరములు" కింద, పెట్రోలు బిల్లుకూ గొడుగు రిపేరుకూ నడుమ ఉన్నది. ఇద్దరము నవ్వుకున్నాము. తరువాత నాకు నవ్వు రాలేదు. చీటీల గందరగోళము పోయింది గాని తప్పు పోలేదు. నా పనులు కొమ్మలయ్యాయి, మనుష్యులు ఆకులయ్యారు. ఆకు రాలితే ఎవరికి తెలుస్తుంది?

పటము చెరిపి మళ్లీ గీశాను. ఈసారి నడుమ "ప్రభువు అప్పగించినవారు" అని రాశాను. మొదటి కొమ్మ నా ఇల్లు. తరువాత ఊళ్లు, ఊరిలో కుటుంబాలు, కుటుంబములో ఒక్కొక్కరి పేరు. పేరు కింద వారి అక్కర. అక్కర చివర ఒకే ఆకు: ఎవరు, ఏమి, ఏ తేదీకి చేయాలి. తేదీ లేని కొమ్మకు ఎర్ర గుర్తు. కమిటీలు, కట్టడములు ఒక పక్కకు పోయాయి.

పరిశుద్ధ గ్రంథములో ఈ క్రమము మనకు ముందే ఉన్నది. నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయము నుండి సాయంకాలము వరకు ఒక్కడే తీర్పు తీరుస్తూ అలసిపోయినప్పుడు, మామ యిత్రో వెయ్యిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను నియమించుమని సలహా చెప్పాడు. గీసి చూడండి, అది చెట్టే. దాని చివర ఉన్నది పదిమంది మనుష్యులు. ఎవరూ లెక్కకు అందకుండా పోకూడదని ఆ ఏర్పాటు.

నెహెమ్యా 3వ అధ్యాయము కూడా చదవండి. యెరూషలేము గోడ కట్టినప్పుడు ఎవరు ఏ గుమ్మము, ఎవరి ప్రక్కన ఎవరు అని పేరు పేరునా రాయబడింది. కంసాలులు ఉన్నారు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల మధ్య తిరిగే మనకు ఆ మాట ఇంపుగా ఉంటుంది. షల్లూముతో పాటు అతని కుమార్తెలూ ఉన్నారు. కొందరు తమ ఇంటి ఎదుటి గోడ తామే కట్టారు. ప్రహరీగోడ పని పెట్టుకున్న నాకు ఈ అధ్యాయము గద్దింపు అయ్యింది. నెహెమ్యా ఇటుకల లెక్క రాయలేదు, మనుష్యుల పేర్లు రాశాడు.

మన జిల్లాలోనే ఇంకొక సాక్ష్యము ఉన్నది. కలకత్తాలో పాదిరిగా ఉండిన డేవిడ్ బ్రౌను కుమారుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో ఉద్యోగము మీద కడపకు వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. ఊరూరా చెదరి ఉన్న తాళపత్రాలను సేకరించి, పండితులను జీతానికి పెట్టుకొని, ప్రతులను పోల్చి చూసి శుద్ధప్రతులు రాయించాడు. ఆయన తెలుగు నిఘంటువు 1852లో అచ్చయింది. చెదరినవి ఒకచోటికి చేర్చి క్రమములో పెట్టినందున ఎన్నో తెలుగు గ్రంథాలు నిలిచాయి. ఆయనకు కంప్యూటరు లేదు, ఓపిక ఉన్నది.

ఇక మన కుటుంబాల సంగతికి వద్దాము. చీనీతోట రైతు ఇంటికైనా, మగ్గము నేసే ఇంటికైనా ఇది పనికి వస్తుంది. నడుమ "మా ఇల్లు" అని రాయండి. ఇంటిలోని ఒక్కొక్కరికి ఒక్కొక్క కొమ్మ. అమ్మాయి కొమ్మకు: పరీక్ష ఫీజు చివరి తేదీ, కుల ధ్రువీకరణ పత్రము ఎక్కడున్నది, స్కాలర్‌షిప్. నాయన కొమ్మకు: బీపీ మాత్రలు అయిపోయే రోజు. పొలానికి ఒక కొమ్మ: పాసుపుస్తకము, అడంగల్, బోరు మోటారు రిపేరు, పంట అమ్మిన లెక్క. బ్యాంకుకు ఒక కొమ్మ: పెట్టుబడి కోసము తాకట్టు పెట్టిన బంగారము రసీదు, తిరగరాయించవలసిన తేదీ. ఈ ఒక్క తేదీ మరచి వేలము నోటీసు వచ్చిన తరువాత కన్నీళ్లతో ప్రార్థనకు వచ్చిన తల్లులను చూశాను. ప్రార్థన చేస్తాము; ముందుగా తేదీ రాసుకోవడము కూడా భక్తిలో భాగమే. గోపురము కట్టగోరేవాడు మొదట కూర్చొని లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు (లూకా 14:28).

పెండ్లి వంటి పెద్ద పనికి విడిగా ఒక పటము గీయండి: సంఘములో ప్రకటనలు చదివే ఆదివారాలు, వయసు రుజువు కాగితాలు, పిలుపులు, వంట, బస్సు. ప్రతిదాని చివర బాధ్యత ఎవరిదో పేరు రాయండి. "అందరూ చూసుకుంటారు" అన్న పని ఎవరూ చూసుకోరు.

కాగితాల విలువ మన ప్రాంతానికి వేరే చెప్పనక్కరలేదు. 2020లో గండికోట జలాశయములో నీరు పెంచినప్పుడు కొండాపురం మండలములోని తాళ్ల ప్రొద్దుటూరువారు పుట్టిన ఇండ్లు వదలి లేవవలసి వచ్చింది. ఇల్లు వదిలే రోజు చేతికి అందవలసినవి కాగితాలే. ఏ కాగితము ఏ పెట్టెలో ఉన్నదో ఇంటిలో ఒక్కరికే తెలిస్తే, ఆ ఒక్కరు ఊరిలో లేని రోజు ఏమి చేస్తాము?

కంప్యూటరు లేనివారు బాధపడవద్దు. పిల్లల డ్రాయింగు షీటు, రెండు రంగుల పెన్సిళ్లు చాలు. గోడకు అంటించండి. మార్పులు ఎక్కువైనప్పుడు కంప్యూటరు సులువు, అంతే భేదము.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఏటీఎం పిన్, ఓటీపీ, పాస్‌వర్డులు ఇందులో రాయకండి. ఫైలును పెన్‌డ్రైవులో ఇంకొక నకలు పెట్టండి, ముఖ్యమైన భాగము అచ్చు తీసి పెట్టెలో ఉంచండి. ఫ్రీప్లేనులో కొమ్మకు తాళము వేసే వసతి ఉన్నది. అయినా, ఒకరు కన్నీళ్లతో ఒప్పుకున్న రహస్యాన్ని నేను ఏ కొమ్మకూ తగిలించను. అది ప్రార్థనలో ఉండవలసినది, కంప్యూటరులో కాదు. ఇంకొకటి: రంగులు దిద్దుకుంటూ కూర్చుంటే పని జరగదు. పటము గీసినంత మాత్రాన సందర్శన చేసినట్టు కాదు. తెల్లవారి చూసుకోవడానికి పది నిమిషాలు, తరువాత చెప్పులు తొడుక్కోవాలి.

అవ్వకు ఆపరేషన్ అయ్యింది. ఆ రోజు ఏడున్నరకే నేను బస్టాండులో ఉన్నాను. కట్టు విప్పిన తరువాతి వారము ఆమె పేరున్న కొమ్మను ల్యాప్‌టాప్‌లో చూపించాను. పెద్ద అక్షరాలలో తన పేరు చూసుకొని, "నన్ను ఇంత పెద్దగా రాసినారా అయ్యగారూ?" అని నవ్వింది. నేను తల వంచుకున్నాను. ఆమె మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. అది కూడా ఆ కొమ్మకు రాసి ఉంచాను.

తల్లి తన బిడ్డను మరచినా తాను మరువనని, తన ప్రజలను అరచేతుల మీద చెక్కుకున్నానని దేవుడు యెషయా ద్వారా సెలవిచ్చాడు (యెషయా 49:15, 16). ఆయనకు పటము అక్కరలేదు. మనకు కావాలి, ఎందుకంటే మనము మరచిపోయేవారము. ఈ వారము కుటుంబ ప్రార్థన తరువాత ఒక కాగితము తీసుకొని నడుమ ఒక మాట రాయండి. పని పేరు రాస్తున్నామా, మనుష్యుల పేర్లు రాస్తున్నామా అని ఒకరినొకరు అడగండి. మీరు మాట ఇచ్చి మరచినవారు ఎవరైనా గుర్తుకు వస్తే, మొదటి కొమ్మ వారిదే.

ప్రార్థన: మా పేర్లు మరువని తండ్రీ, నీవు మాకు అప్పగించినవారిని మేము పనుల నడుమ పోగొట్టుకోకుండా కాపాడుము. ఇచ్చిన మాట జ్ఞాపకము చేయుము. జ్ఞాపకము వచ్చినప్పుడు లేచి వెళ్లే కాళ్లు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.