రెండు పేజీల్లో పట్టని అంకె

పరిశోధనలు బోలెడున్నాయి, అధికారులకు చదివే తీరిక లేదు, రెండు పేజీలకు కుదించి బల్ల మీద పెడితే అవే అమలవుతాయి. అభివృద్ధి రంగంలో ఎవరిని కదిలించినా ఇదే మాట. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికి జంషెడ్‌పూర్ నుంచి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. అక్కడి టాటానగర్ స్టేషన్‌లో రైలెక్కితే అరవై కిలోమీటర్ల అవతల చక్రధర్‌పూర్.

అక్కడి ఏక్‌జుట్ సంస్థ 2005 నుంచి 2008 దాకా జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ఆడవాళ్లను నెలనెలా కూర్చోబెట్టింది. నేల మీద బొమ్మల కార్డులు పరుస్తారు. కాన్పులో వచ్చే కష్టం ఒక్కో కార్డు మీద ఒక్కోటి. తమ ఊళ్లో ఎక్కువ బాధపెడుతున్నదేదో దాని మీద గింజో గులకరాయో పెడతారు. అక్షరం రాని ముసలమ్మ రాయికీ, చదువుకున్న కోడలి రాయికీ ఒకే విలువ. రాళ్లు కుప్పపడ్డ చోట మాట మొదలవుతుంది: ఇలా ఎందుకైంది? మనమేం చేయగలం? మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తగ్గాయి. 2010లో లాన్సెట్ పత్రిక దీన్ని ప్రచురించింది.

అదే ఏడాది అదే పత్రికలో బంగ్లాదేశ్ అధ్యయనమూ వచ్చింది. పద్ధతి ఇదే, కానీ చెప్పుకోదగ్గ ఫలితం లేదు. ఇక్కడ 468 మంది జనాభాకు ఒక బృందం, అక్కడ 1,414 మందికి ఒకటి. తర్వాత అక్కడే 309 మందికి ఒకటి చొప్పున పెట్టాక మరణాలు 38 శాతం తగ్గాయి. ప్రాణాలు నిలిపింది ఈ లెక్క. కుదించిన కాగితంలో మాత్రం ‘మహిళా బృందాలు మేలు చేస్తాయి’ అన్న వాక్యమే మిగులుతుంది. దాన్ని నమ్మి మండలానికి నాలుగు బృందాలు పెట్టి, లాభం లేదని మూసేస్తే ఆ పాపం చదవని అధికారిదా?

అధికారుల ప్రశ్న న్యాయమైనదే: సమావేశాలు నడపడానికి మీరు ప్రత్యేకంగా పెట్టుకున్న మనిషి చేసిన పని మా ఆశా కార్యకర్త చేయగలదా? దీనికి సారాంశంలో జవాబు దొరకదు. అందుకే మళ్లీ పల్లెలకే వెళ్లి, ఆశాలతోనే సమావేశాలు నడిపించి చూశారు. జార్ఖండ్‌లో వాళ్లను సహియా అంటారు. మరణాలు 31 శాతం తగ్గాయని 2016లో ప్రచురించారు. ప్రభుత్వమే ఈ సమావేశాలను జార్ఖండ్‌లో విస్తరించి నడిపినప్పుడు 24 శాతం తగ్గాయని 2021 నాటి అధ్యయనం చెప్పింది.

సారాంశాలు రాయించే డబ్బును ఇలాంటి రెండో పరీక్షకు పెట్టండి. ఒక్క సహియా చేతికింద ఎంతమంది, నెలకెన్ని సమావేశాలు, కూలి మానుకోలేని గర్భిణి ఆ పూట ఎలా వస్తుంది? ఇవి తేల్చాకే కాగితం బల్ల మీదికి పంపండి.