పాత జూమ్, కొత్త కెమెరా, బస్తర్ సంత

బస్తర్‌లోని జగదల్‌పూర్ దసరాకు వచ్చే ఫోటోగ్రాఫర్లలో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ రైలెక్కి కొందరు, భద్రాచలం దాటి కుంట, సుక్మా దారిన కార్లలో మరికొందరు వస్తారు. ఓరుగల్లు నుంచి వెళ్ళిన అన్నమదేవుడు స్థాపించాడని చెప్పే రాజ్యం, ఆ వంశం కొలిచిన దంతేశ్వరి, 75 రోజుల పండుగ, మనుషులు తాళ్ళతో లాగే ఎనిమిది చక్రాల రథం. ఇన్ని ఉండగా కెమెరా ఉన్నవాడు ఇంట్లో కూర్చోలేడు. ఈమధ్య కొందరి మెడలో ఒక వింత జోడీ కనిపిస్తోంది: సరికొత్త మిర్రర్‌లెస్ కెమెరా, దాని ముందు 1970ల నాటి బరువైన మాన్యువల్ జూమ్ లెన్స్.

ఈ పెళ్ళి కుదరడానికి కారణం మిల్లీమీటర్ల లెక్క. పాత ఫిల్మ్ కెమెరాలో లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య అద్దం ఆడేందుకు చోటు కావాలి. నికాన్ ఎఫ్ మౌంట్‌లో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు, కెనాన్ ఎఫ్‌డీలో 42. అద్దం తీసేసిన కెమెరాలకు అంత చోటు అక్కర్లేదు. సోనీ ఇ మౌంట్‌కు 18, నికాన్ జెడ్‌కు 16 చాలు. మిగిలిన ఖాళీలో ఒక లోహపు గొట్టం బిగిస్తే పాత లెన్స్ తన దూరంలో తాను కూర్చుంటుంది. ఆ గొట్టమే అడాప్టర్, అందులో గాజు ముక్క కూడా ఉండదు. 2008లో పానసోనిక్ జీ1తో ఈ దారి తెరుచుకుంది. 2013లో సోనీ ఏ7 వచ్చాక ఫుల్ ఫ్రేమ్‌కూ విస్తరించింది. మూతపడ్డ స్టూడియోల బీరువాల్లో పడి ఉన్న లెన్స్‌లకు మళ్ళీ గిరాకీ పుట్టింది.

స్టిల్ కెమెరాకు మొదటి జూమ్ 1959లో వచ్చింది. అది ఫోక్ట్‌లాండర్ అమ్మిన 36–82 మి.మీ. జూమార్. 1963 నాటి నికాన్ 43–86 విరివిగా అమ్ముడైంది, నాసిరకమని అంతే విరివిగా తిట్లూ తిన్నది. అప్పట్లో తిట్టుకున్న ఆ మసకే ఇప్పుడు ‘క్యారెక్టర్’ పేరుతో చలామణీ అవుతోంది! వివిటార్ సిరీస్ 1 70–210 మాత్రం నిజంగా మంచి పేరు తెచ్చుకున్న జూమ్. అమ్మింది వివిటార్ అయినా తయారుచేసింది జపాన్ కంపెనీలు. సీరియల్ నంబర్ 22తో మొదలైతే కినో, 37 అయితే టోకినా, 28 అయితే కోమినే.

పాత లెన్స్ వాడేవాళ్ళను ఎందుకని అడిగితే ఎక్కువమంది చెప్పేది ‘ఆ లుక్’ కోసమని. కాస్త తగ్గిన కాంట్రాస్ట్, ఎండకు ఎదురుగా పెడితే పరుచుకునే తెల్లటి పొర, అంచుల్లో మెత్తదనం. పెళ్ళి ఫోటోలకో, కాఫీ కప్పులకో అది బాగానే ఉంటుంది. బస్తర్‌లో అదే అన్నిటికన్నా బలహీనమైన కారణం. ఇక్కడి ఆదివాసీలను గతానికి చెందిన మనుషులుగా చూపించే అలవాటు బయటి ప్రపంచానికి ఎప్పటినుంచో ఉంది. చేతిలో సెల్‌ఫోన్, బయట మోటార్‌సైకిల్ ఉన్న మురియా యువకుణ్ణి పాతకాలపు మసకలో ముంచి తీస్తే ఆ అలవాటుకే మరో పూత వేసినట్టు.

ఈ నేలను మునుపు కెమెరాతో చూసిన పెద్దలు ఆ పని చేయలేదు. బెంగాల్ కరువును చిత్రించిన సునీల్ జానా, మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్‌తో కలిసి తిరిగి ఆదివాసీలను తీసినప్పుడు కోరింది స్పష్టతే. స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ నారాయణ్‌పూర్ దగ్గరి గఢ్‌బెంగాల్ కుర్రాడు చెంద్రును పెట్టి తీసిన సినిమా 1957లో వచ్చింది. రవిశంకర్ సంగీతం ఇచ్చిన ఆ సినిమాను రంగుల్లో, అప్పటికి కొత్తగా వచ్చిన వెడల్పు తెర పద్ధతిలో తీశారు. చెంద్రును చూపిన తీరు మీద వాదించొచ్చు గానీ, సుక్స్‌డార్ఫ్ అడవికి మోసుకొచ్చింది తన కాలపు కొత్త పనిముట్లనే.

మరి పాత జూమ్‌ను ఎందుకు సమర్థించాలి? చేతికి అది నేర్పే పని కోసం.

వివిటార్ లాంటి జూమ్‌లో ఒకే పెద్ద రింగు ఉంటుంది. ముందుకూ వెనక్కూ జరిపితే జూమ్, తిప్పితే ఫోకస్. బ్యారెల్ మీద రంగురంగుల గీతలు వంపు తిరిగి ఉంటాయి. ఏ అపెర్చర్ దగ్గర ఎంత లోతు వరకు స్పష్టంగా వస్తుందో, జూమ్ మారేకొద్దీ అది ఎలా కుంచించుకుపోతుందో అక్కడే చదువుకోవచ్చు. నేటి జూమ్‌లలో ఆ గీతలు దాదాపు మాయమయ్యాయి. చాలా పాత జూమ్‌లలో 210 దగ్గర ఫోకస్ పట్టి 70కి జార్చినా ఫోకస్ చెదరదు. కానీ చవక అడాప్టర్లు అసలు కొలత కన్నా వెంట్రుకవాసి పొట్టిగా ఉంటాయి. ఆ కాస్త తేడాకే ఈ సుగుణం పోతుంది. జూమ్ కదిపిన ప్రతిసారీ మళ్ళీ ఫోకస్ చూసుకోవాల్సిందే.

కెమెరాలోని స్టెబిలైజేషన్ కూడా మోసం చేస్తుంది. పాత లెన్స్ తన ఫోకల్ లెంగ్త్ ఎంతో కెమెరాకు చెప్పలేదు, మెనూలోకి వెళ్ళి మనమే చెప్పాలి. 210 అని చెప్పి 70 దగ్గర తీస్తే కెమెరా అవసరానికి మించి సర్దుతుంది, కదలని బొమ్మ కూడా చెదురుతుంది. ఫిక్స్‌డ్ లెన్స్‌తో లేని ఈ తలనొప్పి జూమ్‌తోనే వస్తుంది. స్పష్టమైన అంచులకు రంగు పూసి చూపే ఫోకస్ పీకింగ్‌నూ గుడ్డిగా నమ్మకూడదు. మెడనిండా పూసల దండలు వేసుకున్న మనిషిని తీస్తుంటే పూసల అంచులన్నీ ఎర్రగా వెలుగుతాయి, కళ్ళు మాత్రం మసకబారి ఉంటాయి. బొమ్మను పెద్దది చేసి కన్ను చూసుకోవడమే మేలు.

రథం లాగే రాత్రి ఈ లెన్స్ ఆశ్చర్యపరుస్తుంది. ఫిల్మ్ రోజుల్లో మామూలుగా దొరికే 400 ఏఎస్ఏ రీలుతో ఎఫ్/3.5 జూమ్ చీకట్లో పనికొచ్చేది కాదు. ఇప్పుడు సెన్సర్ 6400 ఐఎస్‌ఓను తేలిగ్గా భరిస్తుంది. రథమూ మెల్లగానే కదులుతుంది, ముందే ఫోకస్ పెట్టుకుని అక్కడికి వచ్చేదాకా ఆగొచ్చు. కొండగావ్‌లో డోక్రా లోహపు బొమ్మల పనివాళ్ళు మట్టి అచ్చు మీద మైనపు దారాన్ని చుట్టిచుట్టి అతికించడం ఇంకా తీరిగ్గా సాగే పని. మాక్రో ఉన్న పాత జూమ్ దానికి చక్కగా సరిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద కారణం సంత. ఆటోఫోకస్ ఉన్న పొడవాటి జూమ్‌తో ఇప్పపూలు అమ్ముకునే అమ్మ ముఖాన్ని ఆమెకు తెలియకుండా క్షణంలో లాగేయొచ్చు. మాన్యువల్ జూమ్‌కు కొన్ని సెకన్లు కావాలి. ఆ సెకన్లలో ఆమె తలెత్తి చూస్తుంది, నవ్వుతుంది, లేదా కొంగు అడ్డం పెట్టుకుంటుంది. వద్దనే హక్కు ఆమెకు మిగులుతుంది. లెన్స్ ఎవరికీ మర్యాద నేర్పదు గానీ, దొంగతనాన్ని మాత్రం కష్టం చేస్తుంది.

లోపాలు దాచాల్సిన పని లేదు. కాంగేర్ లోయలో ఎగిరే కొండగోరింకను దీంతో పట్టాలనుకోవడం అత్యాశ. వానాకాలంలో సుమారు 29 మీటర్ల ఎత్తు నుంచి దూకే చిత్రకోట్ జలపాతపు తుంపర లోపలికి చేరిందంటే బూజు పడుతుంది. ముదిరితే అది గాజు మీది పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. తోలు కేసులో పెట్టి మూలన పడేయడం బూజుకు పిలిచి పీట వేయడమే. సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బా చాలు.

కాబట్టి కొత్త జూమ్‌కు డబ్బు సరిపోని కుర్రాళ్ళు నిశ్చింతగా పాతది కొనండి. కొనేముందు వెనుక నుంచి టార్చి వేసి బూజు దారాలున్నాయేమో చూడండి, అపెర్చర్ రేకులకు నూనె అంటిందేమో చూడండి, లెన్స్‌ను నిలబెట్టి రింగు దానంతటదే జారుతోందేమో చూడండి. అడాప్టర్ దగ్గర పిసినారితనం వద్దు. బస్తర్ సంతకు వెళ్ళినప్పుడు 210 దగ్గర కాదు, 70 దగ్గర మొదలుపెట్టండి. అంత దగ్గరికి వెళ్ళాక ఎలాగూ అడగక తప్పదు.