చూపరి ధర్మము

ఆడుటకు ఇద్దరు చాలుదురు. కాని చూపరులు లేని ఆటకు కళ లేదు. పల్నాటి పల్లెలలో అరుగుపై పులిజూదము సాగునప్పుడు ఆడువారు ఇరువురైన, చెప్పువారు పదుగురు. “ఆ మేకను కదపకురా!” అని ఒకడును, “పులికి దారి ఇచ్చావు గదరా!” అని మరియొకడును కేకలు వేయుదురు. గట్టున నిలిచినవానికి ఈత సులువుగనే తోచును. అయినను ఆ చూపరి తన కంటితో చూచి, తన బుద్ధితో యోచించియే నోరు విప్పును. చెప్పినది తప్పైనచో నవ్వులపాలగుటయు అతని వంతే.

నేడు ముప్పాళ్ళలో కూర్చుండినవాడును దేశాంతరమున జరుగు చదరంగమును చేతిలోని ఫోనులో ఎత్తువెంట ఎత్తుగా చూడగలుగుచున్నాడు. ఒకప్పుడు పత్రికలో ఎత్తుల పట్టిక వచ్చువరకు వేచియుండవలసివచ్చెడిది. ఈ మార్పు నిస్సంశయముగా మేలే. కాని ఆ తెరపై చదరంగపు బల్ల ప్రక్కన ఒక పట్టీ కూడ కనబడును. ఎవరిది పైచేయియో యంత్రము గణించి, తెలుపు నలుపుల హెచ్చుతగ్గులుగా అందు క్షణక్షణము చూపుచుండును. చూపరుల దృష్టి బల్లను విడిచి ఆ పట్టీపై నిలుచుటయే విచారింపదగిన విషయము.

2024 డిసెంబరు 12న సింగపూరులో జరిగిన ప్రపంచ విజేత పోటీ ఇందుకు తార్కాణము. పదమూడు ఆటలు ముగియునప్పటికి ఇరువురును చెరి ఆరున్నర పాయింట్లతో సమముగా నుండిరి. చైనాకు చెందిన డింగ్ లిరెన్ తెల్లపావులతోను, చెన్నైలోని తెలుగు కుటుంబమున జన్మించిన పదునెనిమిదేండ్ల దొమ్మరాజు గుకేశ్ నల్లపావులతోను పదునాలుగవ ఆట ఆడిరి. గుకేశ్‌కు ఆటను సిద్ధపరచిన బృందములో గుంటూరున పుట్టిన పెంటేల హరికృష్ణయు ఉండెను. గుకేశ్‌కు ఒక బంటు ఆధిక్యమున్నను ఆట సమముగా ముగియుననియే అందరును తలచిరి. అంతలో 55వ ఎత్తున డింగ్ తన ఏనుగును మార్పిడికి ఎదురు నిలిపెను. పట్టీ ఒక్కసారిగా నల్లవైపునకు ఒరిగెను. లక్షల మంది చూపరులు ఆ క్షణముననే కేకలు వేసిరి.

చిత్రమేమనగా, ఆ సంగతి అప్పటికింకను గుకేశ్‌కు తెలియదు. తాను మొదట గ్రహింపలేదనియు, వేరొక ఎత్తు వేయబోయి ఆగితిననియు ఆతడే పిదప చెప్పినాడు. ఏనుగుల మార్పిడి జరిగిన తరువాత మూలనున్న తెల్ల శకటమునకు ఎదురుగా నల్ల శకటమును నిలిపినచో దాని మార్పిడియు తప్పదు. ఇక మిగులునవి రాజులు, బంట్లు మాత్రమే. అచట బంటు ఎక్కువగానున్న పక్షమునకే జయము. ఇంతయు ఆతడు తన మనస్సున చూచి, సరిచూచుకొని, అప్పుడు ఆడెను. 58వ ఎత్తుతో డింగ్ ఓటమి నంగీకరించెను. గుకేశ్ కన్నీరు పెట్టుకొనెను.

లక్షల మంది ముందుగా తెలిసికొనిరి. గుకేశ్ ఆలస్యముగా తెలిసికొనెను. అయినను ఎరిగినవాడు గుకేశ్ ఒక్కడే. తక్కినవారికి ఫలితము అందినదేకాని కారణము అందలేదు. “ఇంత చిన్న సంగతి కనబడలేదా!” అని డింగ్‌ను వెక్కిరించినవారిలో ఎందరు ఆ పట్టీని మూసివేసినచో ఆ పొరపాటును పట్టియుందురు? రెండు వారములకు పైగా ప్రపంచ కిరీటమునకై పోరాడి అలసిన మేధావి తప్పును పరిహసించు హక్కు, తానొక్క ఎత్తైనను యోచింపని వానికి ఎచటినుండి వచ్చినది?

పల్నాటివారికి కోడిపందెము సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఒక పందెపు ఓటమి బ్రహ్మనాయుని వర్గమును వలస పంపి, తుదకు కారెమపూడి రణరంగమునకు దారితీసెనని వీరగాథ చెప్పును. పందెపు బరి చుట్టు మూగినవానికి ఏ కోడి గెలిచినదన్నదే కావలెను. పట్టీని మాత్రమే చూచువాడు చదరంగమును సైతము కోడిపందెముగా మార్చుచున్నాడు. గెలిచినవానిని భుజములపై మోయును, ఓడినవానిని దూషించును, ఆటను మాత్రము చూడడు.

ఈ వ్యాధి చదరంగమునకు పరిమితమైనది కాదు. లెక్క చేయకమున్నే పుస్తకము చివర జవాబు వెదకు విద్యార్థియు, పద్యమును చదువకమున్నే తాత్పర్యమును బట్టీపట్టు విద్యార్థియు ఆ పట్టీని చూచుచున్నవారే. జవాబు సరియైనదే కావచ్చును. అది వారిది మాత్రము కాదు.

ఉపాధ్యాయులు తలచుకొన్నచో దీనికి మందు సులువు. ఖర్చు ఒక చదరంగపు బల్ల మాత్రమే. సింగపూరు ఆటలోని ఆ ఘట్టమును బల్లపై పేర్చి, పట్టీలేవియు చూపక, పది నిమిషములు పిల్లలను మౌనముగా యోచింపనిండు. ప్రతివాడును తన ఎత్తును, దానికి కారణమును వ్రాయవలెను. తరువాతనే యంత్రము తీర్పును విప్పి చూపవలెను. నలుబదిమందిలో ఒక్కనికైనను సరియైన ఎత్తు తోచినచో ఆ ఆనందము వాని సొంతము. తోచనివారికి డింగ్ ఏల పొరబడెనో తెలియును, వారింక పరిహసింపరు.

యంత్రము తీర్పు చెప్పగలదు. దానికి ముందు తాను ఒకమారు యోచించుట చూపరి ధర్మము. ఆ ధర్మము నెరిగిన చూపరియే రేపు బల్లముందు కూర్చుండగలడు.