మరుపులోనూ వివక్షేనా?

యెరూషలేములోని ఆదిమ సంఘంలో వచ్చిన తొలి పెద్ద ఫిర్యాదు సిద్ధాంతం గురించి కాదు, అన్నం గురించి! రోజూ జరిగే ఆహార పంపకంలో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది (అపొ.కా. 6వ అధ్యాయం). అందరి దేవుడూ ఒక్కడే, అందరూ పొందిన బాప్తిస్మమూ ఒక్కటే. వడ్డన దగ్గరికొచ్చేసరికి మాత్రం భాష అడ్డొచ్చింది. అపొస్తలులు 'అలాంటిదేమీ లేద'ని కొట్టిపారేయలేదు, ఆ స్త్రీలను ఓర్చుకొమ్మనీ చెప్పలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు. స్తెఫను మొదలుకొని ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే!

అమెరికా వృద్ధుల గురించిన లెక్కలు చదివితే మనకు ఆ అధ్యాయమే గుర్తొస్తుంది. జ్ఞాపకాన్నీ ఆలోచననూ మెల్లగా హరించే డిమెన్షియా ముప్పు శ్వేతజాతి వృద్ధులకన్నా నల్లజాతి వృద్ధులకు దాదాపు రెట్టింపు, హిస్పానిక్ వృద్ధులకు సుమారు ఒకటిన్నర రెట్లు ఉందని అక్కడి అల్జీమర్స్ అసోసియేషన్ చెబుతోంది. 55 ఏళ్లు దాటిన దాదాపు 19 లక్షల మంది మాజీ సైనికులపై జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. వయసు తేడాలను సర్దాక, ఏటా వెయ్యిమందికి శ్వేతజాతీయుల్లో 11.5 మంది, నల్లజాతీయుల్లో 19.4 మంది, హిస్పానిక్‌లలో 20.7 మంది కొత్తగా ఈ వ్యాధి బారిన పడుతున్నట్టు తేలింది. వీరంతా ఒకే దేశం కోసం యూనిఫాం వేసుకున్నవారు, ఒకే ప్రభుత్వ వైద్య వ్యవస్థలో ఉన్నవారు.

ఇది రక్తంలోనే ఉన్న లోపమనుకుంటే పొరపాటు. అదుపులో లేని బీపీ, షుగర్ మెదడు రక్తనాళాలను దెబ్బతీస్తాయి. చిన్ననాటి చదువు మెదడుకు కాస్త దన్నుగా నిలుస్తుంది. అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో జాతివివక్ష చెల్లదని తీర్పు చెప్పింది 1954లో. ఇప్పుడు ఎనభై దాటిన నల్లజాతి వృద్ధులు ఆనాటి పిల్లలే! ఇక వైద్యులపై నమ్మకమంటారా? అలబామాలోని టస్కెగీలో సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులను, పెన్సిలిన్ వచ్చాక కూడా చికిత్స ఇవ్వకుండా 1972 దాకా గమనిస్తూ కూర్చున్న ప్రభుత్వం అది. అలాంటి చోట ఆస్పత్రి గడప తొక్కడానికి ఎవరు తొందరపడతారు? మనుషుల పాపం చేసిన పనికి 'దేవుని చిత్తం' అని పేరు పెట్టడం మాకు సమ్మతం కాదు.

అక్కడి నల్లజాతి చర్చిలు మాత్రం చేతులు ముడుచుకోలేదు. ఫేరాన్ ఎప్స్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ ప్రారంభించిన 'ఆల్టర్' కార్యక్రమంతో కలిసి, మతిమరుపు వచ్చిన విశ్వాసికి, అతణ్ణి చూసుకునే కుటుంబానికి వీలుగా ఆరాధనను మార్చుకుంటున్నాయి.

మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. స్త్రీలలో, చదువుకు నోచుకోనివారిలో, పల్లెల్లో ఎక్కువ. మన చర్చి బల్లల మీద కూర్చునే అవ్వల్లో ఎంతమంది బడి ముఖం చూశారు? మతి తప్పిన అత్తగారికి దయ్యం పట్టిందంటూ కూటాలకు తిప్పేవారు మనలో ఇంకా ఉన్నారు. ప్రార్థించాల్సిందే, కానీ ముందు డాక్టరుకు చూపించాలి కదా! ముప్పు కారకాలన్నీ లేకుండా చేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని లాన్సెట్ కమిషన్ 2024లో అంచనా వేసింది. బీపీ, షుగర్, వినికిడి లోపం ఆ జాబితాలోవే. ఆదివారం ఆరాధన అయ్యాక ఓ బీపీ మిషన్ పెట్టుకుని కూర్చోవడానికి సంఘంలో ఒక నర్సు చాలు. ఆ మంచం దగ్గరే ఉండిపోయి నెలల తరబడి చర్చికి రాలేకపోతున్న కోడలి స్థానంలో ఆ రెండు గంటలు కూర్చోవడానికైతే నర్సు కూడా అక్కర్లేదు.