మందు చవకే, మరి ఖర్చు ఎక్కడ?



మా మందుల కిటికీ దగ్గర నిలబడినవారు ముందుగా అడిగే మాట "ఎంతయితది సారూ?" అని. ఎప్పుడు వేసుకోవాలన్నది ఆ తర్వాతే. అది తప్పు కాదు. కానీ స్టెరాయిడ్ మాత్రల విషయంలో ఈ ప్రశ్నకు మేము, అంటే ఆసుపత్రులవాళ్లం, సరైన జవాబు ఇవ్వడం లేదని నా అభిప్రాయం.

మహబూబాబాద్ వైపు తండా నుండి ఒక తల్లి ఐదేళ్ల బాబును ఎత్తుకుని వచ్చింది. బాబుకు నెఫ్రోటిక్ సిండ్రోమ్. మూత్రంలో ప్రోటీన్ పోయి ముఖం, కాళ్లు వాస్తాయి. వేరేచోట ప్రెడ్నిసోలోన్ రాశారు. నాలుగు వారాలు వేసి ఆపేశారు. "వాపు తగ్గింది గదా సారూ, చీటీలున్నయన్నీ కొనాల్నంటే పైసల్ ఎల్లలే" అంది. పది రోజుల్లో వాపు తిరిగి వచ్చింది, బాబు నీరసించిపోయి వాంతులు చేసుకుంటున్నాడు.

ఆ చీటీ చూశాను. ప్రెడ్నిసోలోన్‌తోపాటు ప్రోటీన్ పౌడర్, ఆకలి సిరప్, రెండు రకాల టానిక్కులు ఉన్నాయి. బిల్లులో ముప్పాతిక భాగం వాటిదే. అన్నీ కొనలేక అసలుదీ మానేశారు.

అసలు మందు లెక్క చూద్దాం. 15 కిలోల పిల్లవాడికి మొదటిసారి జబ్బు వచ్చినప్పుడు సాధారణంగా ఆరు వారాలు రోజుకు 30 మిల్లీగ్రాములు, తర్వాత ఆరు వారాలు రోజు విడిచి రోజు తక్కువ మోతాదు. మొత్తం సుమారు 175 మాత్రలు, పది మిల్లీగ్రాములవి. ఒక్కోటి రెండు రూపాయల లోపే. అంటే మూడు నెలల మందు 350 రూపాయలు దాటదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతం రోగికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చినప్పుడు దాన్ని ఎద్దు పిత్తం నుండి ఎంతో కష్టపడి తీసేవారు. అప్పుడది శ్రీమంతుల మందు. ప్రెడ్నిసోలోన్ 1955లో వచ్చింది. దాని పేటెంట్లు ఏనాడో తీరిపోయాయి.

మరి ఖర్చు ఎక్కడ? పక్క మందుల్లో ఉంది, దారిలో ఉంది, పోయిన కూలిలో ఉంది. డెఫ్లాజాకార్ట్ వంటి ఖరీదైన రకం రాయడంలోనూ ఉంది. ఆరు మిల్లీగ్రాముల డెఫ్లాజాకార్ట్ సుమారుగా ఐదు మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో సమానం. కొందరికి అది అవసరం కావచ్చు. అందరికీ కాదు. "దీని బదులు ప్రెడ్నిసోలోన్ సరిపోతుందా డాక్టరు గారూ?" అని అడగడంలో అగౌరవం ఏమీ లేదు. అడిగితే కోప్పడే డాక్టరు ఉంటే, అది మీ తప్పు కాదు.

ఇంకో మాట కూడా అడగండి: "ఈ చీటీలో ఏది మానితే ప్రమాదం?" ఆ మందు కింద గీత గీయించుకోండి. డబ్బు తక్కువైతే గీత ఉన్నదే ముందు కొనండి.

జన ఔషధి దుకాణాలు 2008లో మొదలయ్యాయి, 2025 నాటికి దేశంలో 15,000 దాటాయి. ప్రెడ్నిసోలోన్ మామూలుగానే చవక గనుక అక్కడ దానిమీద మిగిలేది కొద్దే. కానీ కాల్షియం, గ్యాస్ మాత్రల దగ్గర మంచి తేడా ఉంటుంది. మామూలు మెడికల్ షాపులో వారానికి సరిపడా కత్తిరించి అడిగినా, 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం స్ట్రిప్ ధరలో ఆ మాత్రల వాటాకు మించి తీసుకోకూడదు. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారు కొన్ననాటి ధర చూసి బెదరవద్దు. 200 పఫ్‌లది రోజుకు నాలుగు చొప్పున 50 రోజులు వస్తుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్లా ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. రాసిన మందు అక్కడ ఉంటే ఉచితం. కుష్ఠు రియాక్షన్‌కు ఇచ్చే ప్రెడ్నిసోలోన్ కూడా ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితమే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది గానీ, అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. నెలనెలా ఇంట్లో మింగే మాత్ర మామూలుగా దాని కిందికి రాదు. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడికి కంపెనీ ఆసుపత్రి ఉంది. పక్క ఊరి మిర్చి కూలీకి అదీ లేదు.

చవక అని దారి తప్పేవారూ ఉన్నారు. ఊళ్లో ఆర్.ఎం.పి. ఇచ్చే నొప్పుల సూదిలో, పేరులేని పొట్లంలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడే. పాత చీటీతో ఏళ్ల తరబడి కొనుక్కునేవారికి షుగర్ పెరుగుతుంది, ఎముకలు పెళుసవుతాయి, అణగి ఉన్న క్షయ లేస్తుంది. అలాగని హఠాత్తుగా మానవద్దు. మూడు వారాలకు మించి వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. ఒక్కసారిగా ఆపితే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. మాత్రలు అయిపోవడానికి వారం ముందే రండి, డబ్బు లేకపోయినా రండి.

ఇక సంఘ పెద్దలకు ఒక మనవి. దయానిధి నుండి మందుల బిల్లు కట్టడం మంచిదే. కానీ ఈ జబ్బుల్లో దారిఖర్చుకు, పరీక్షలకు ఇస్తే ఎక్కువ మేలు. 2023 డిసెంబరు నుండి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు. తోడు వచ్చే తండ్రికి ఉంది, ఆ రోజు కూలి ఇద్దరికీ పోతుంది. మా వైపు నుండి మేము చేయాల్సింది, ఏ రోజు ఎన్ని మాత్రలో, ఎలా తగ్గించాలో తెలుగులో పట్టిక రాసి ఇవ్వడం. ఇన్నాళ్లూ నోటితో చెప్పి పంపాము.

ఆ తల్లికి పట్టిక రాసిచ్చాం. పొద్దున బాబు మూత్రాన్ని గాజు గొట్టంలో కాచి తెల్లగా విరుగుతుందేమో చూడడం మా నర్సమ్మ నేర్పింది. పోయిన నెల ఆమె నోటు పుస్తకం తెచ్చి చూపింది. ఒక్క రోజు ఖాళీ ఉంది. ఆ రోజు చీకటితోనే పత్తి ఏరడానికి పోయిందట.