నూనె మరకా? అమ్మనడుగు!

పోయిన ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి మావాడి దగ్గర్నుంచి ఫోన్. మామూలుగా వాడు ఆ టైములో చెయ్యడు. "తిన్నావా?" అని నేనడిగే లోపే "అమ్మా, చొక్కా మీద నూనె పడింది, ఏం చెయ్యాలి?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వాడికి ఇంటర్వ్యూ. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, హాస్టల్లో ఉంటున్నాడు. ఉన్న ఒక్క మంచి చొక్కా, లేత నీలం రంగుది, సరిపోతుందో లేదో చూసుకుందామని తొడుక్కున్నాడట. విప్పకుండా అలాగే స్నేహితులతో మిరపకాయ బజ్జీలు తినడానికి కూర్చున్నాడు. సరిగ్గా జేబు కింద రూపాయి బిళ్ళంత మరక. వెంటనే నీళ్ళు పోసి, ఒంటి సబ్బుతో బలమంతా పెట్టి రుద్దాడు. రూపాయి బిళ్ళ కాస్తా అప్పడమంత అయింది. ఇప్పుడు తడి ఆరగొట్టడానికి ఇస్త్రీ పెట్టె వేడి చేసుకుంటున్నాడు.

"ముందా ఇస్త్రీ పెట్టె ఆపు!" అని నేను అరిచిన అరుపుకి హాల్లో వార్తలు చూస్తున్న మావారు ఉలిక్కిపడ్డారు.

ఆ తర్వాత అరగంట వీడియో కాల్లోనే ఉన్నాం. వాడు మెస్ లోకి పరిగెత్తి గిన్నెలు తోమే లిక్విడ్ ఓ చెంచాడు అడిగి తెచ్చుకున్నాడు. నేను చెప్పినట్టు చేసి, చొక్కాని ఫ్యాను కింద ఆరేశాడు. పొద్దున్న ఫోటో పంపాడు. పరీక్షగా చూస్తే తప్ప కనిపించదు. హమ్మయ్య అనుకున్నాను.

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి పక్కనే జడ వేసుకుంటూ ఆ ఫోటో చూసి, "అన్నయ్యకి ఇది కూడా తెలీదా అమ్మా? నాకు ఏడో క్లాసులోనే నేర్పావుగా" అంది. దెప్పాలని అనలేదు, మామూలుగానే అంది. నాకు మాత్రం జవాబు తోచలేదు.

నిజమే, దానికి ఏడో తరగతిలోనే నేర్పాను. తెల్ల యూనిఫాం మీద ఆవకాయ నూనె వొలకబోసుకుని వస్తే, బాత్రూంలో కుళాయి దగ్గర పీట వేసి కూర్చోబెట్టి, "రేపు నీ ఇల్లు నువ్వు చూసుకోవాలి కదే" అంటూ దగ్గరుండి చేయించాను. అదే రోజుల్లో మావాడు సైకిల్ చైను గ్రీజు అంటిన ప్యాంటు విప్పి బాత్రూంలో ఓ మూల పడేసేవాడు. రెండ్రోజుల తర్వాత అదే ప్యాంటు శుభ్రంగా మడతపెట్టి బీరువాలో ఉండేది. మధ్యలో ఏం జరిగిందో వాడికి తెలీదు. వాడి దృష్టిలో మరకలు వాటంతటవే పోతాయి. అలా అనుకునేలా చేసింది నేనే. "వాడికి చదువు ఉంది కదా" అనుకునేదాన్ని. ఆ పిల్లకి మాత్రం చదువు లేదూ?

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే. మరక తియ్యడం ఆడపిల్లకి పుట్టుకతో వచ్చే విద్య కాదు. అరగంటలో నేర్పగలిగే పని. దాన్ని ఒక బిడ్డకి నేర్పి, ఇంకో బిడ్డకి నేర్పకుండా ఉండి, దానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటున్నాం.

అసలింతకీ ఏముంది ఆ విద్యలో? వాడికి చెప్పిందే మీకూ చెప్తాను.

నూనె పడగానే రుద్దకూడదు. రుద్దితే దారాల్లోకి ఇంకా దిగిపోతుంది, చుట్టూ పాకుతుంది. పాత గుడ్డో, టిష్యూ కాగితమో పెట్టి అద్దాలి. తర్వాత టాల్కం పౌడరో, మొక్కజొన్న పిండో మరక మీద మందంగా చల్లి ఓ పావుగంట వదిలెయ్యాలి. పైపైన ఉన్న నూనెని అది పీల్చుకుంటుంది. దులిపేసి, పొడిగా ఉన్న బట్ట మీదే రెండు చుక్కలు గిన్నెల లిక్విడ్ వెయ్యాలి. ముందే తడిపితే నీళ్ళు అడ్డం పడతాయి, నూనెకీ నీళ్ళకీ పొసగదు కదా. సబ్బుకి ఒక కొస నూనెని పట్టుకుంటుంది, రెండో కొస నీళ్ళని పట్టుకుంటుంది. అందుకే సబ్బు తోడుంటే నూనె నీళ్ళతో కలిసి పోతుంది. లిక్విడ్ ని బట్ట వెనక వైపు నుంచి వేసి, వేలితో మెల్లిగా అద్ది, పది నిమిషాలు ఆగి, గోరువెచ్చటి నీళ్ళలో జాడించాలి. ఆరాక వెలుతురులో చూడాలి. మరక ఇంకా ఉంటే మళ్ళీ ఇంకోసారి. పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టె దగ్గరికి తీసుకెళ్ళకూడదు. వేడి తగిలితే మరక ఖరారైపోతుంది. పాతబడ్డ నూనె మరక గాలికి పసుపుపచ్చగా మారి మొండికేస్తుంది కాబట్టి "ఆదివారం చూద్దాంలే" అని వాయిదా వెయ్యకూడదు.

కూర మరకైతే నూనె పోయినా పసుపు మిగులుతుంది. సబ్బు తగలగానే అది ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు. పసుపు గుణమే అంత. బాగా జాడించి ఎండలో ఆరేస్తే, ఒకటి రెండు రోజుల్లో ఎండే దాన్ని తినేస్తుంది. సైకిల్ చైను గ్రీజుకైతే ముందు కాస్త కొబ్బరినూనె రాసి, గ్రీజు కరిగాక గుడ్డతో తుడిచేసి, అప్పుడు లిక్విడ్ వెయ్యాలి. నూనె మరకకి నూనె ఏమిటని మావాడూ ఒకప్పుడు నవ్వాడు, కానీ పనిచేస్తుంది. నిమ్మకాయతో నూనె పోదు. మా అమ్మ కిరసనాయిలు వాడేది, నేను మాత్రం నిప్పు భయంతో దాని జోలికి పోను. పట్టుచీర విషయంలో నా ధైర్యం పౌడరు వరకే. ఆ తర్వాత డ్రై క్లీనింగ్ కి ఇచ్చేస్తాను. ఇచ్చేటప్పుడు "ఇది నూనె మరక" అని చోటు చూపించి మరీ చెప్తాను.

అంతే. ఇంతకంటే ఏమీ లేదు. లెక్కలూ ఫిజిక్సూ వంటబట్టినవాడికి ఇది వంటబట్టదా?

మరి ఎందుకు నేర్పలేదు? తప్పంతా ఇంట్లోవాళ్ళ మీదికి తోసెయ్యడం తేలిక. మా అత్తయ్యగారు ఈ సంగతి విని, "మొక్కై వంగనిది మానై వంగునా, ఇప్పుడు వాడికి ఉతకడం నేర్పుతావా?" అన్నారు. కానీ నా సంగతీ ఒప్పుకోవాలి. వాడికి చెప్పి చేయించే లోపు నేను రెండు చొక్కాలు ఉతికి ఆరేస్తాను. అదొక్కటే కూడా కాదు. "అమ్మ చేస్తే ఎలాంటి మరకైనా పోతుంది" అని వాడు స్నేహితుల ముందు అంటుంటే నాకు బాగుండేది. ఈ ఇంట్లో నేను లేకపోతే గడవదు అన్న మాట తియ్యగా ఉంటుంది. ఆ తీపి కోసం ఎంత చాకిరీ చేస్తామో లెక్క చూసుకోం.

లెక్క కావాలంటే ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అలాంటి పని చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. అసలు ఆ పని చేసే మగవాళ్ళే నలుగురిలో ఒకరు. 299 నిమిషాలంటే ఐదు గంటలు. అందులో ఇంట్లో అందరి మరకలూ ఉన్నాయి.

ఇంకో సంగతి. నేను బి.ఏ. తెలుగు చదివానని మావారు అప్పుడప్పుడూ వేళాకోళం చేస్తుంటారు. ఆ చదువు ఇక్కడ పనికొచ్చింది. మన ఇళ్ళల్లో మరక గురించి ఎలా మాట్లాడతారో గమనించండి. "చొక్కా మీద ఏదో అయింది." "కూర పడింది." ఆ వాక్యాల్లో చేసినవాళ్ళు కనిపించరు. "నేను వొలకబోసుకున్నాను" అని ఎవరూ అనరు. అదే మరక పోకపోతే మాత్రం "నువ్వు సరిగ్గా ఉతకలేదు" అంటారు. అక్కడ "నువ్వు" ఠక్కున వచ్చేస్తుంది. మావారు చెడ్డవారని కాదు, పాపం నన్ను ఒక్క మాట అనరు. కానీ ఇరవై మూడేళ్ళుగా మరకైన చొక్కాని నా ముందు పట్టుకుని నిలబడుతూనే ఉన్నారు.

వాషింగ్ మెషిన్ ఉంది కదా అంటారేమో. మరక ఎక్కడుందో మెషిన్ కి తెలీదు. మెషిన్ లో వేసే ముందు చూడాల్సిన కళ్ళూ, అద్దాల్సిన వేలూ మనవే.

వాడి ఇంటర్వ్యూ ఫలితం ఇంకా తెలీలేదు. గురువారం మళ్ళీ ఫోన్ చేసి, రూమ్మేట్ టీషర్టు మీద సాంబారు పడితే వాడే దగ్గరుండి తీయించానని గొప్పగా చెప్పాడు. "రుద్దొద్దురా అని చెప్పానమ్మా" అన్నాడు. మానైనా వంగుతుందని అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ నవ్వారు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మావారి లాల్చీ మీద ఆవకాయ నూనె పడింది. అలవాటు ప్రకారం కొంగలా నిలబడి, లాల్చీ అంచు ఎత్తి చూపించారు. నేను పెరుగు కలుపుకుంటూ, "పౌడరు అద్దం దగ్గర ఉంది, లిక్విడ్ సింకు పక్కన ఉందండీ" అన్నాను. ఒక్క నిమిషం అలాగే చూసి, లోపలికి వెళ్ళారు. కాసేపటికి వంటింట్లోంచి గొంతు వినిపించింది.

"లిక్విడ్ ముందు నుంచి వెయ్యాలా, వెనక నుంచా?"

"వెనక నుంచి" అన్నాను. లేవలేదు. లేవాలనిపించింది, నిజమే. అయినా లేవలేదు.

మీ ఇంట్లో కొడుకు ఉంటే, ఈసారి వాడి చొక్కా మీద మరక పడ్డప్పుడు మీరూ లేవకండి. పక్కన పీట వేసుకుని కూర్చుని చెప్పండి చాలు.