తెల్లనివన్నీ క్రీమ్ కాదు

స్పాంజ్ చేయడం ఇప్పుడు పెద్ద విషయం కాదు. ఓవెన్ లేకపోయినా కుక్కర్‌లో ఇసుక పోసి పొంగించేస్తున్నారు మనవాళ్లు. అసలు తలనొప్పి దాని మీద పూసే క్రీమ్ దగ్గర మొదలవుతుంది. బేకరీ సామాన్ల షాపుకి వెళ్తే గడ్డకట్టిన లీటర్ డబ్బా చేతిలో పెడతాడు. మనం చేసేది అరకిలో కేకు. దానికి పట్టే క్రీమ్ 200 గ్రాములు కూడా ఉండదు. మిగతాది ఎక్కడ పెట్టాలి? రూమ్‌లో నలుగురికీ ఉన్నది ఒకటే చిన్న ఫ్రిజ్, దాని ఫ్రీజర్‌లో సగం మంచే. పైగా ఒకసారి కరిగించిన డబ్బాని మళ్లీ గడ్డకట్టించకూడదు.

అందుకే చాలామంది చూపు విప్పింగ్ క్రీమ్ పౌడర్ మీద పడుతోంది. ప్యాకెట్ అల్మారాలో ఉంటుంది, కావాల్సినంతే తీసుకోవచ్చు, చల్లటి పాలు పోసి బీట్ చేస్తే తెల్లగా పొంగుతుంది. మంచి వస్తువే. కాకపోతే దాన్ని ‘పొడి చేసిన క్రీమ్’ అనుకుంటేనే చిక్కు. అది క్రీమ్ కాదు. క్రీమ్ చేసే పనిని ఇంకో దారిలో చేసే పొడి. ఈ తేడా తెలిస్తే వాడటం తేలిక, ఎవరికి పెట్టొచ్చో ఎవరికి పెట్టకూడదో కూడా తెలుస్తుంది.

ప్యాకెట్ వెనక ఏం రాసుంది?

వంటలో డాక్యుమెంటేషన్ అంటే ప్యాకెట్ వెనక వైపు. తిప్పి చదవండి. చక్కెర, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ (చాలావరకు పామ్ కెర్నెల్ నూనె), మాల్టోడెక్స్‌ట్రిన్ లేదా గ్లూకోజ్ సిరప్ పొడి, సోడియం కేసినేట్, ఎమల్సిఫైయర్లు, స్టెబిలైజర్లు. వరస అటూ ఇటూ మారొచ్చు గానీ సరుకు దాదాపు ఇదే.

ఇది కొత్త ఐడియా ఏమీ కాదు. అమెరికాలో బఫెలో నగరానికి చెందిన రాబర్ట్ రిచ్ 1945లోనే సోయా నుంచి విప్ టాపింగ్ తయారుచేశాడు. 1957లో జనరల్ ఫుడ్స్ కంపెనీ ‘డ్రీమ్ విప్’ పేరుతో పొడిని తెచ్చింది. ఫ్రిజ్‌లో చోటు అక్కర్లేకుండా అల్మారాలో ఉండటమే దాని గొప్ప. అదే కంపెనీ 1966లో ‘కూల్ విప్’ని రెడీమేడ్‌గా ఫ్రీజర్‌లోకి దింపింది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకి ఈ డబ్బాలు రెండూ సూపర్‌మార్కెట్లో కనిపించేవే.

సగంలో ఆపిన చిలకడం

ఇది ఎలా పొంగుతుందో అర్థం కావాలంటే అమ్మమ్మ వెన్న తీయడం గుర్తు చేసుకోండి. మీగడని చిలికితే కొవ్వు బొట్లు ఒకదానికొకటి అతుక్కుని చివరికి వెన్నముద్ద అవుతాయి. విప్డ్ క్రీమ్ అంటే అదే పనిని సగంలో ఆపడం. కొవ్వు బొట్లు సగం సగం అతుక్కుని గాలిబుడగల చుట్టూ గోడ కడతాయి. ఇంకాస్త చిలికామా, గోడ కూలి వెన్న వచ్చేస్తుంది.

పాల క్రీమ్‌లో ఈ పని జరగాలంటే కొవ్వు దండిగా, కనీసం 30 శాతం వరకు ఉండాలి. అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో ఉండేది 25 శాతమే. అందుకే కూరల్లో బ్రహ్మాండంగా ఉంటుంది గానీ ఎంత బీట్ చేసినా కేకు మీద నిలబడదు. పొడిలో ఆ లోటుని ఎమల్సిఫైయర్లు పూడుస్తాయి. చల్లటి పాలల్లో తడవగానే అవి కొవ్వు బొట్ల పైనున్న ప్రోటీన్ పొరని పక్కకి నెట్టి, బొట్లు త్వరగా అతుక్కునేలా చేస్తాయి. చలి లేకపోతే కొవ్వు మెత్తబడుతుంది, గోడ నిలవదు. ‘ఐస్ కోల్డ్’ అని ప్యాకెట్ మీద రాసేది మాట వరసకి కాదు.

కాబట్టి పద్ధతి ఇదీ. స్టీలు గిన్నె, బీటర్ పుల్లలు అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. పాలు కాచి చల్లార్చి, మీగడ వడకట్టి, ఫ్రిజ్‌లో గట్టిగా చల్లబరచండి. మీగడ తునకలు ఉంటే క్రీమ్ నున్నగా రాదు. ఎండాకాలమైతే గిన్నెని ఐస్ ముక్కలు వేసిన పళ్లెంలో ఉంచండి. బీటర్‌ని ముందు స్లోగా తిప్పి పొడి తడవనివ్వండి, తర్వాత స్పీడ్ పెంచండి. నాలుగైదు నిమిషాల్లో బీటర్ గీతలు చెరిగిపోకుండా నిలబడితే ఆపేయండి. అంతకుమించి తిప్పితే గరుకుగా, రవ్వలా అవుతుంది. అలా అవ్వడం మొదలైతే రెండు చెంచాల చల్లటి పాలు పోసి గరిటెతో నెమ్మదిగా కలపండి, చాలాసార్లు దారిలోకి వస్తుంది.

కొలత విషయంలో ప్యాకెట్‌దే ఫైనల్ మాట. డ్రీమ్ విప్ ఒక పొట్లం 36 గ్రాములు, దానికి అరకప్పు పాలు పోస్తే రెండు కప్పుల టాపింగ్ వస్తుంది. మన దగ్గర దొరికే పొడుల్లో చాలావాటికి అంత పట్టదు, బరువులో పొడి ఒక వంతైతే పాలు ఒకటిన్నర నుంచి రెండు వంతులు. అరకిలో కేకుకి 60 గ్రాముల పొడి, 100 నుంచి 120 మిల్లీలీటర్ల పాలు సరిపోతాయి. ముందు తక్కువ పోయండి. గట్టిగా ఉంటే ఇంకో చెంచా పోయొచ్చు, పల్చనైతే వెనక్కి తీయలేం. చక్కెర పొడిలోనే ఉంటుంది, మళ్లీ వేయకండి.

స్పాంజ్‌లో కూడా

ఈ పొడిని కేకు పిండిలోనూ కలుపుతారు. అమెరికా ఇళ్లల్లో బాగా తిరిగిన రెసిపీ ఒకటుంది: ఒక డబ్బా కేక్ మిక్స్, ఒక పొట్లం డ్రీమ్ విప్, 4 గుడ్లు, ఒక కప్పు చల్లటి నీళ్లు కలిపి 4 నిమిషాలు బీట్ చేసి ఓవెన్‌లో పెట్టడం. ఇక్కడ పొడిని ముందు పొంగించరు, పొడిగానే వేస్తారు. ఓవెన్ వేడికి ఆ నురగ ఎలాగూ నిలవదు. పనికొచ్చేది అందులోని ఎమల్సిఫైయర్లే. అవి పిండిలో గాలిని సన్నటి బుడగలుగా పట్టి ఉంచుతాయి. మన బేకరీల్లో ‘కేక్ జెల్’ అని వాడేదీ ఇదే పని చేస్తుంది. ఇంట్లో మైదాతో చేసేవాళ్లు ఒకటిన్నర కప్పు మైదాకి రెండు టేబుల్‌స్పూన్ల పొడి జల్లించి కలిపి, చక్కెర ఒక చెంచా తగ్గించి చూడండి. ఎక్కువ వేస్తే ఎక్కువ పొంగుతుందని మాత్రం కాదు.

పైన పూసేటప్పుడు

అక్కడి ఇంకో పాపులర్ ఫ్రాస్టింగ్: ఒక పొట్లం టాపింగ్ పొడి, ఒక ప్యాకెట్ ఇన్‌స్టంట్ పుడ్డింగ్, ఒకటిన్నర కప్పుల చల్లటి పాలు కలిపి బీట్ చేయడం. ఇది చూసి మనవాళ్లు పుడ్డింగ్ బదులు కస్టర్డ్ పౌడర్ వేసేస్తుంటారు. కుదరదు. ఇన్‌స్టంట్ పుడ్డింగ్ చల్లటి పాలల్లోనే చిక్కబడుతుంది. కస్టర్డ్ పౌడర్‌లో ఉండేది మొక్కజొన్న పిండి, అది ఉడికితేనే చిక్కబడుతుంది. కాబట్టి ఒక కప్పు పాలల్లో రెండు చెంచాల కస్టర్డ్ ఉడికించి, పూర్తిగా చల్లార్చి, ఉండల్లేకుండా గిలక్కొట్టి, అప్పుడు పొంగించిన క్రీమ్‌లో కలపండి. కాస్త గోరువెచ్చగా ఉన్నా అంతా జారిపోతుంది.

కాఫీ ఫ్లేవర్ కావాలా? ఇన్‌స్టంట్ కాఫీని చెంచాడు నీళ్లల్లో కరిగించి చల్లార్చి పోయండి. కోకో జల్లించి వేయండి. మామిడి రసమైతే స్టవ్ మీద దగ్గరపడేదాకా ఉడికించి, చల్లారాక రెండు మూడు చెంచాలే. పైనాపిల్ ముక్కల్ని వడకట్టి, టిష్యూతో అద్ది పెట్టండి. ఏ ఫ్లేవర్ అయినా క్రీమ్‌ని పాడుచేసేవి రెండే: వేడి, నీళ్లు.

మే నెలలో బండి మీద కేకు తీసుకెళ్లేవాళ్లకి ఒక మాట. ఈ పొడితో చేసిన క్రీమ్ పాల క్రీమ్ కన్నా కాసేపు ఎక్కువ నిలబడుతుంది. కానీ నిలబడటం వేరు, పాడవకుండా ఉండటం వేరు. పాలు కలిసిన వెంటనే అది పాల పదార్థమే. బయట రెండు గంటలు దాటనివ్వొద్దు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే లెక్క. ఇక మిగిలిన పొడిని గాలి చొరని డబ్బాలో పెట్టండి. వైజాగ్, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమకే గడ్డకట్టేస్తుంది.

పేరు సరిగ్గా చెబుదాం

ఇప్పుడు అసలు విషయం. ఇన్‌స్టాలో పేజీ పెట్టి ఇంట్లోంచే కేకులు అమ్ముతున్నవాళ్లు మన ఫ్రెండ్స్‌లోనే ఎంతమందో. బట్టర్‌క్రీమ్ కానిదల్లా ‘ఫ్రెష్ క్రీమ్ కేక్’ అని మెనూలో రాసేయడం అలవాటైపోయింది. పొడితో చేసినా, ఫ్రీజర్ డబ్బాతో చేసినా అందులో ఉన్నది చాలావరకు మొక్కల కొవ్వు. కొనేవాళ్లు పాల క్రీమ్ అనుకుని డబ్బులిస్తున్నారు.

దీనికి ఇంకో వైపు ఉంది, అది ఇంకా సీరియస్. కొన్ని ప్యాకెట్ల మీద ‘నాన్-డైరీ’ అని ఉంటుంది. అది చూసి పాలు పడని పిల్లలకి సేఫ్ అని ఎవరైనా చెబితే ప్రమాదం. సోడియం కేసినేట్ అంటే పాల ప్రోటీనే. పాల ఎలర్జీ ఉన్న బిడ్డకి ఒక చెంచా కూడా ముప్పు కావొచ్చు. నీళ్లతో పొంగించినా ఆ ప్రోటీన్ ఎక్కడికీ పోదు. వీగన్ కేకు అడిగినవాళ్లకీ ఇది చెల్లదు.

‘వెజిటబుల్’ అన్న మాట చూసి తేలిక అనుకోవడమూ పొరపాటే. పామ్ కెర్నెల్ నూనెలో 80 శాతం దాకా శాచురేటెడ్ కొవ్వే. ట్రాన్స్ ఫ్యాట్ విషయంలో మాత్రం కొంత ఊరట: 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదని నిబంధన. అయినా లేబుల్ మీద ఆ అంకె చూసి కొనడం మంచిది. పుట్టినరోజుకి ఒక ముక్క తింటే ఏమీ కాదు, రోజూ కాఫీలో తేలేసుకునే సరుకు మాత్రం కాదు.

అమ్మేవాళ్లు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మెనూలో ‘విప్డ్ టాపింగ్, పాల ప్రోటీన్ ఉంది’ అని ఒక లైను రాయండి. పాల క్రీమ్‌తో చేసేది ఉంటే దానికి వేరే రేటు పెట్టండి. ఆర్డర్ తీసుకునేటప్పుడు వాట్సాప్‌లో ‘ఎగ్ ఆర్ ఎగ్‌లెస్?’ అని ఎలాగూ అడుగుతారు. దాని పక్కనే ‘ఇంట్లో ఎవరికైనా పాలు పడవా?’ అని కూడా అడిగేయండి.